కర్ణుడా, విభీషణుడా?

తెలుగు పాఠం చెప్పే తరగతిలో సెల్‌ఫోను మాట వచ్చినదంటే సాధారణంగా పాఠం చెడిపోయినదనే అర్థం. కాని ఈ సంవత్సరం ఉద్యోగపర్వం చెబుతూ ఉండగా ఆ మాట వచ్చి, పాఠాన్ని చెడగొట్టలేదు సరిగదా, చెప్పేవాణ్ణి కూడా ఆలోచనలో పడవేసినది.

రాయబారం విఫలమై తిరిగి వెళ్తున్న శ్రీకృష్ణుడు కర్ణుణ్ణి రథం మీద ఎక్కించుకొని జన్మరహస్యం చెప్పే ఘట్టం పాఠకులకు క్రొత్త కాదు. నీవు కుంతి పెద్దకొడుకువు, పాండవులకు అగ్రజుడవు, వచ్చి రాజ్యం ఏలుకొమ్మని కృష్ణుడు పిలుస్తాడు. ఆదరించిన దుర్యోధనుణ్ణి విడిచి రానని కర్ణుడు చెబుతాడు. తిక్కన సోమయాజి తెనిగించిన ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు పుట్టదు. ఆ రోజు పాఠం ముగించి, కర్ణుడు చేసినది ఒప్పా, తప్పా అని పిల్లలను అడిగాను. వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, ఐఫోను పట్టుకొన్నవాళ్లందరూ కర్ణులేనండి. ఎవరేమి చెప్పినా వదలిపెట్టరు" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. ముందు వరుసలో ఉన్న ఒక అమ్మాయి ఊరుకోలేదు. "అయితే దాన్ని వదిలి ఆండ్రాయిడుకు వెళ్లినవాళ్లు విభీషణులా?" అని ఎదురు ప్రశ్న వేసినది. ఇంతలో గంట కొట్టారు. నేను నవ్వి వచ్చివేశాను గాని, ఇంటికి వెళ్లిన తర్వాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పిల్లలు హాస్యానికి అన్న మాటలో ఈ కాలపు చిక్కుముడి ఒకటి ఉన్నదనిపించినది.

ఒకప్పుడు మనిషి ఒక వస్తువును కొనేవాడు. ఒక కంపెనీ గడియారం, మరొక కంపెనీ రేడియో, ఇంకొక కంపెనీ సైకిలు ఒకే ఇంటిలో కలహం లేకుండా కాపురం చేసేవి. నేడు వస్తువు ఒంటరిగా రాదు. పెండ్లికూతురి వెంట ఆడబడుచులవలె పరివారంతో వస్తుంది. ఐఫోను కొన్నవాడికి దానితో ఇమిడిపోయే చేతిగడియారం, చెవిలో పెట్టుకొనే సాధనం, బల్ల మీది కంప్యూటరు, ఛాయాచిత్రాలు దాచే ఆకాశపు అటక, అన్నీ ఆపిల్ సంస్థవే సిద్ధంగా ఉంటవి. రెండవ వైపు గూగుల్ సంస్థ ఆండ్రాయిడు. మొదటి ఐఫోను 2007 జూన్‌లో అమ్మకానికి వచ్చినది. ఆండ్రాయిడుతో పనిచేసే మొదటి ఫోను మరుసటి సంవత్సరం, అనగా 2008లో వచ్చినది. ఆపిల్ యంత్రాన్నీ, దానిని నడిపించే వ్యవస్థనూ రెండింటినీ తానే తయారుచేస్తుంది. గూగుల్ తన వ్యవస్థను శాంసంగు, షియోమి మొదలైన పలువురు తయారీదారులకు ఇచ్చినది. ఒకటి ఒకే కుటుంబం కట్టుకొన్న కోట. రెండవది ఒకే దొర క్రింద పలువురు అంగళ్లు పెట్టిన సంత. ఈ రెండింటి మధ్య నేటి లోకం చీలి ఉన్నది.

ఒకే పరివారాన్ని నమ్ముకొని ఉండేవారిని వెర్రివారని కొట్టివేయడం న్యాయం కాదు. వారి పక్షాన బలమైన హేతువులున్నవి. ఫోనులో తీసిన బొమ్మ చెప్పకుండానే కంప్యూటరులో కనిపిస్తుంది. ఫోనులో సగం వ్రాసిన ఉత్తరాన్ని బల్ల దగ్గర కూర్చుని పూర్తి చేయవచ్చు. ఒక పద్ధతి చేతికి అలవాటైతే, ముఖ్యంగా నావంటి వయస్సువారికి, మళ్లీ ఓనమాలు దిద్దుకోవలసిన పని లేదు. యంత్రం ఆయువు కూడా చిన్న సంగతి కాదు. 2018లో వచ్చిన కొన్ని ఐఫోన్లు 2024లో విడుదలైన క్రొత్త వ్యవస్థను సైతం స్వీకరించగలిగినవి. ఈ విషయంలో ఆండ్రాయిడు ఫోన్లు చాలాకాలం వెనుకబడి ఉండేవి. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనుకు, 2024లో శాంసంగు తన ఎస్24 ఫోనుకు ఏడేండ్ల పాటు మెరుగుదలలు ఇస్తామని మాట ఇచ్చిన తర్వాత ఆ తేడా చాలావరకు తగ్గినది. పోటీ ఉన్నందువల్లనే ఆ మాట వచ్చినదని వేరే చెప్పనక్కరలేదు.

రెండవ పక్షంవారికీ గట్టి వాదమే ఉన్నది. జేబుకు తగిన ధర, నచ్చిన తయారీ, పలురకాల పరిమాణాలు. మన కళాశాలలలో చదివే పిల్లలలో అధికసంఖ్యాకుల చేతిలో ఆండ్రాయిడు ఫోనే ఉండడానికి అభిమానం కన్న తలిదండ్రుల రాబడే ముఖ్యకారణం. ఈ మాట మరచి, ఎవరి చేతిలో ఏ ఫోను ఉన్నదో చూచి మనిషికి వెల కట్టడం నేటి తరగతి గదులలో నేను కంటితో చూస్తున్న దుర్గుణం.

ఈ ఎగతాళికి రెండు పక్షాలూ తీసిపోవు. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక ఉదంతం తెలుగువారు గుర్తుంచుకోదగినది. మన 'జ్ఞా' అనే అక్షరం నడుమ కంటికి కనిపించని ఒక విభజన చిహ్నం చేరితే, ఆ అక్షరాన్ని ప్రదర్శించలేక ఐఫోనులోని సందేశాల అంగం కుప్పకూలిపోయేది. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సవరణ విడుదల చేసినది. ఆ నాలుగు రోజులూ ఆండ్రాయిడు పక్షంవారి ఆనందానికి మేర లేదు. జ్ఞానానికి మొదటి అక్షరమే అంత ఖరీదైన యంత్రానికి అరగలేదని చమత్కారాలు పుట్టినవి. నవ్వుకోవడంలో తప్పు లేదు. కాని ఆ నవ్వులలో మునిగి, మన లిపికి ప్రపంచపు యంత్రాలలో దక్కుతున్న స్థానం ఎటువంటిదని అడిగినవారు మాత్రం బహు తక్కువ. పక్షం పట్టినవాడికి ఎదుటి పక్షం ఓటమి కనిపిస్తుంది. తన అవసరం కనిపించదు.

ఇక కర్ణుడి సంగతికి వద్దాము. కర్ణుడి నిష్ఠకు ఒక మూలం ఉన్నది. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనంలో కులం అడిగి అవమానించినప్పుడు దుర్యోధనుడు అతనికి అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టినాడు. కర్ణుడు తీర్చుకొన్నది ఆ ఋణం. మనకు ఏ కంపెనీ ఏ అంగరాజ్యం ఇచ్చినది? మనం పైకం చెల్లించాము, వస్తువు తెచ్చుకొన్నాము, అక్కడికి లెక్క సరి. ఇచ్చినవారిపట్ల చూపేది కృతజ్ఞత. అమ్మినవారిపట్ల అంత కృతజ్ఞత చూపించడం ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు. తెలుగులో 'అభిమానం' అనే మాటకు ప్రేమ అనీ, గర్వం అనీ రెండర్థాలున్నవి. ఫోను విషయంలో మనం మొదటి అర్థంతో ఆరంభించి రెండవ అర్థంలో చిక్కుకొంటున్నాము. నేను కొన్నది కాబట్టి అదే గొప్పది అయి తీరాలి అనుకొంటాము.

పైగా దుర్యోధనుడు కడదాకా కర్ణుణ్ణి విడువలేదు. కంపెనీలు అట్లా ఉండవు. నోకియా ఫోను లేని ఇల్లు మన ఊళ్లలో ఒకప్పుడు అరుదు. 2011లో ఆ సంస్థ తన సొంత వ్యవస్థను ప్రక్కకు నెట్టి మైక్రోసాఫ్టుతో చేయి కలిపినది. 2014లో ఫోన్ల వ్యాపారాన్నే మైక్రోసాఫ్టుకు అమ్మివేసినది. ఆ సంవత్సరమే మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్టుకు అధిపతి అయ్యారు. 2015లో ఆ కొనుగోలు క్రింద సుమారు 760 కోట్ల డాలర్లను ఆ సంస్థ నష్టంగా కొట్టివేసినది. 2020 జనవరి నాటికి ఆ విండోస్ ఫోన్లకు సవరణలు ఇవ్వడం సైతం ముగిసిపోయినది. ఒకనాడు పెద్ద ఉద్యోగులకు గౌరవచిహ్నమైన బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు 2022 జనవరి 4వ తేదీతో ఆ సంస్థ సేవలు ఆగినవి. వ్యాపారదృష్టితో చూస్తే ఇవన్నీ సమంజసమైన నిర్ణయాలే కావచ్చును. వారు లెక్క చూచుకొన్నారు, మానివేశారు. అట్లాంటప్పుడు లెక్క చూచుకొనవద్దనే నియమం మనకు మాత్రం ఎందుకు?

మరి విభీషణుడు? అతడు తేలికగా లంక విడువలేదు. అన్నకు హితవు చెప్పాడు. చెప్పిన మాట చెవిని పెట్టనప్పుడు, అవమానం పొందినప్పుడు విడిచాడు. ఏటేటా క్రొత్త ప్రకటన చూచి ఫోను మార్చేవాడిది విభీషణ వివేకం కాదు, పొరుగింటి పుల్లకూర మీది రుచి. అంతేకాదు, లంక విడిచి వెళ్లినవాడికి ఆవలి ఒడ్డున రాముడే ఉండాలనే నియమం లేదు. కోట బాధ పడలేక సంతకు వచ్చినవాడు సంత దొర సంగతి కూడా తెలుసుకోవాలి. ఆండ్రాయిడు వ్యవస్థలో తన ప్రాబల్యాన్ని దుర్వినియోగం చేసినదని 2022 అక్టోబరులో మన దేశపు పోటీ కమిషన్ గూగుల్‌కు 1,337 కోట్ల 76 లక్షల రూపాయల జుల్మానా విధించినది. 2023 మార్చిలో అప్పీలు న్యాయస్థానం కొన్ని ఆదేశాలను తొలగించినా జుల్మానాను మాత్రం ఖాయం చేసినది. కోట తలుపుల సంగతి మీద అమెరికా ప్రభుత్వం 2024 మార్చిలో ఆపిల్ మీద దావా వేసినది. ఒక ఐఫోను వాడుకరి మరొక కంపెనీ ఫోనుకు మారడం కష్టమయ్యేటట్లు ఆ సంస్థ వ్యవహరిస్తున్నదని ఆరోపణ. కాదని ఆపిల్ వాదం. ఆపిల్ గడియారాన్ని పని చేయించడానికి ఐఫోను కావాలి. అట్లాగే 2021 నుండి వస్తున్న శాంసంగు గడియారాలు ఐఫోనుతో కలవవు. తలుపులు బిగించే విద్య ఒక్కరి సొత్తు కాదన్నమాట.

మరునాడు తరగతిలో ఈ విషయాలన్నీ చెప్పి, చివరకు నా సొంత కథ ఒకటి చెప్పాను. ఇంతవరకు నేను దానిని ఎవరికీ చెప్పుకోలేదు.

మా తండ్రిగారు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులు. పనిచేసిన ప్రతి ఊరిలోను రచ్చబండ దగ్గర, చెరువుగట్టు మీద, కళ్లాలలో విన్న సామెతలను నోటుపుస్తకాలలో వ్రాసికొనేవారు. ఏ సామెత ఎవరి నోట, ఏ సందర్భంలో విన్నారో ప్రక్కన గుర్తు వేసేవారు. ఆయన పోయిన తర్వాత అట్టి పుస్తకాలు ఏడు నా చేతికి వచ్చినవి. అప్పటికి నేను ఒక కంప్యూటరు కొన్నాను. అచ్చుపనివారు వాడే ఒకానొక తెలుగు వ్రాత సాధనాన్ని దానిలో అమర్చుకొని, రెండేండ్లు రాత్రిళ్లు కూర్చుని ఏడు పుస్తకాలూ ఎక్కించాను. అక్షరాలు ముత్యాలవలె వచ్చేవి. మా కళాశాలలో లెక్కలు చెప్పే మిత్రుడొకరు, "యూనికోడులో వ్రాయండి, రేపు ఏ యంత్రంలోనైనా చదువుకోవచ్చు" అని హితవు చెప్పారు. ఆనాటి యూనికోడు అక్షరాల సొంపు నా కంటికి ఆనలేదు. నా సాధనం ముందు మరొకటి నిలువదని ఆయనతో వాదించాను. ఒకసారి పరుషంగా కూడా మాట్లాడాను. కొన్నాళ్లకు అటక మీద పెట్టెలోని నోటుపుస్తకాలు చెదల పాలైనవి. మరి కొన్నాళ్లకు కంప్యూటరు చెడినది. క్రొత్త కంప్యూటరులో ఆ సాధనం పని చేయలేదు. నేను దాచుకొన్న ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, కుండలీకరణాలు కలగాపులగంగా కనిపించినవి. మా నాయనగారి ముప్పైయేండ్ల కృషి నా కళ్ల ఎదుటనే ఉన్నది. ఒక్క మాట చదవలేను.

ఇందులోని మర్మం విద్యార్థులు తెలుసుకోదగినది. ఆ రోజులలో అటువంటి సాధనాలు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గదులలో తెలుగు అక్షరాల బొమ్మలను పెట్టేవి. బొమ్మల పెట్టె దగ్గర ఉన్నంత వరకే అది తెలుగు. పెట్టె పోతే గదుల మీది ఇంగ్లీషు పేర్లే మిగులుతవి. ఒక్కొక్క సంస్థ తన బొమ్మలను తనకు తోచిన గదులలో పెట్టుకొన్నది గనుక ఒకరి వ్రాత మరొకరి దగ్గర పనికిరాదు. యూనికోడు అట్లా కాదు. 1991లో వెలువడిన మొదటి రూపం నుండి అందులో తెలుగుకు తన సొంత గదులు ఉన్నవి. 3072 మొదలు 3199 వరకు 128 స్థానాలు తెలుగువి. 'అ'కు 3077, 'క'కు 3093. ఐఫోనులోను, ఆండ్రాయిడులోను, విండోసులోను ఆ సంఖ్యలు అవే. అక్షరం అందం మారవచ్చు గాని అక్షరం మారదు. అందుకే మన ఇండ్లలో తలిదండ్రులు ఒక రకం ఫోనులోను, దూరదేశంలోని పిల్లలు మరొక రకం ఫోనులోను ఉన్నా తెలుగులో ఉత్తరం వ్రాసుకోగలుగుతున్నారు. ఇది ఏ ఒక్క కంపెనీ దయ కాదు. పలువురు కూర్చుని చేసికొన్న ఉమ్మడి ఒప్పందం.

అనుభవం మీద నాకు తోచిన కొలబద్ద ఒక్కటే. ఒక పరివారం మనలను ఎంత మర్యాదగా లోనికి పిలుస్తున్నదో చూడడం చాలదు. రేపు మనం వెళ్లదలచుకొంటే, మన సామానుతో ఎంత సులభంగా వెళ్లనిస్తుందో చూడాలి. అద్దె ఇంటికి వెళ్లేటప్పుడు గోడల రంగు చూచి మురిసిపోయి, బీరువా తలుపులో పట్టదని ఖాళీ చేసేనాడు తెలుసుకొన్నవాడి గతి నాది. నేను వ్రాసినది, నేను తీసిన బొమ్మలు మరొక చోట తెరుచుకుంటవా? మరొక కంపెనీ ఫోను పట్టుకొన్నవారితో ఇబ్బంది లేకుండా మాట్లాడగలనా? నా అవసరం ఉన్నన్నేండ్లు ఇది పని చేస్తుందా? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానం దొరికితే కోటలో ఉన్నా మంచిదే, సంతలో ఉన్నా మంచిదే. దాచుకొన్నవాటి ప్రతిని బయటకు తెచ్చుకొనే వీలు గూగుల్ 2011 నుండి ఇస్తున్నది; తర్వాత ఆపిల్ కూడా అటువంటి ఏర్పాటు చేసినది. ఆ వీలును వాడుకొని ఏడాదికి ఒక్కసారి అయినా మన ప్రతిని మన దగ్గర పెట్టుకొనేవారు ఎందరు? కొనుక్కొన్న ఉపకరణాలు మాత్రం ఒక పక్షం నుండి మరొక పక్షానికి రావు. అది నష్టమే, ముందుగా లెక్క వేసుకోవలసిన నష్టం.

తలుపులు తెరిపించినది ఎవరి అభిమానమూ కాదని కూడా గ్రహించాలి. చాలా ఏండ్ల పాటు ఐఫోనుకు దాని సొంత మీటతో ఉండే తీగ ఉండేది. అన్ని ఫోన్లకు ఒకే తీగ ఉండాలని 2022లో ఐరోపా సమాఖ్య శాసనం చేసిన తర్వాత, 2023లో వచ్చిన ఐఫోను 15 అందరి తీగనూ అంగీకరించినది. ఇల్లు మారని మనిషికి కూడా తలుపు తెరచి ఉండడం మేలే చేసినది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మనం పిల్లలను వ్యాసం వ్రాసి పంపమన్నప్పుడు, ఒక్క రకం యంత్రం మాత్రమే తెరవగల రూపంలో అడిగితే, తెలియకుండానే లేనివాణ్ణి తరగతి బయట నిలబెడుతున్నాము. అందరి దగ్గరా తెరుచుకొనే రూపంలో అడగడం మన ధర్మం.

ఆ రోజు గంట కొట్టిన తర్వాత, కర్ణుడి మాట ఎత్తిన కుర్రవాడు అధ్యాపకుల గది దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, ఆ ఫైలు ఒకసారి ఇస్తారా? పాత అక్షరాలను యూనికోడులోకి మార్చే సాధనాలు ఉన్నవండి" అన్నాడు. అతని చేతిలోని ఫోను అద్దం ఒక మూలనుండి మరొక మూలకు పగిలి ఉన్నది. అది అక్కగారు వాడి వదలిన ఫోనని తర్వాత తెలిసినది. ఐఫోనువారిని కర్ణులన్న నోటితోనే, "డబ్బుంటే నేనూ అదే కొంటానేమోనండి" అని నవ్వాడు. గ్రంథాలయంలోని కంప్యూటరు దగ్గర పదిహేను రోజులు కూర్చుని ఏడు పుస్తకాలలో అయిదింటిని మార్చి తెచ్చాడు. మిగిలిన రెండూ పూర్తిగా చెడిపోయినవి, ఇక రావు.

అయిదింటిలోనూ ఒత్తులు చాలా చోట్ల జారిపోయినవి. రోజుకు రెండు పుటల చొప్పున నేను దిద్దుకొంటున్నాను. లెక్కల మిత్రుడు పదవీవిరమణ చేసి వేరే ఊరిలో ఉన్నారు. ఆయనకు ఫోను చేసి, ఆనాడు మీరు చెప్పినదే సరి అని ఒప్పుకొన్నాను. నిన్న రాత్రి దిద్దిన పుటలో 'పొరుగింటి పులకూర రుచి' అని ఉన్నది. ప్రక్కన, ఏతం దగ్గర ఒక ముసలమ్మ కోడలిని ఉద్దేశించి అన్నట్లు మా నాయనగారి గుర్తు ఉన్నది. జారిపోయిన లావత్తును దాని చోట పెట్టి, తర్వాతి సామెతకు వెళ్లాను.